పీసీనా, కన్సోలా? ఎంపిక నుంచి మరమ్మతు వరకు ఒక క్రమం

ఈ మార్గదర్శి రెండు ప్రశ్నల కోసం రాసినది. మొదటిది, డబ్బు కూడబెట్టుకున్నవారు అడిగేది: "అరవై వేలు ఉన్నాయి, పీసీ తీసుకోవాలా, పీఎస్5 తీసుకోవాలా?" రెండవది, పీసీ కొన్న నెలకు అదే మనిషి అడిగేది: "గేమ్ తెరుచుకోవడం లేదు, తెరుచుకున్నా మధ్యలో ఆగిపోతోంది, ఏం చేయాలి?"

ఈ రెండూ ఒకే ప్రశ్నకు రెండు కొసలు. పీసీ కొనడమంటే దాని చిన్నాచితకా మరమ్మతుల బాధ్యతను కూడా కొనుక్కోవడమే. కన్సోల్ (పీఎస్5 వంటి, గేమ్‌ల కోసమే చేసిన యంత్రం) కొనడమంటే ఆ బాధ్యతను తయారీ సంస్థకు వదిలి, అందుకు బదులుగా కొంత స్వేచ్ఛను వదులుకోవడం. అందుచేత 6 నుంచి 10 వరకు ఉన్న భాగాలను ముందుగా ఒకసారి చదివి, ఆ పనులు చేసే ఓపిక తమకు ఉందో లేదో చూసుకున్న తర్వాతే కొనుగోలు నిర్ణయానికి రావడం మేలు.

1. దుకాణానికి వెళ్ళేముందు కాగితం మీద రాసుకోవలసినవి

మొదట, రాబోయే ఏడాదిలో నిజంగా ఆడబోయే ఐదు గేమ్‌ల పేర్లు రాయాలి. ఎప్పుడో ఆడదామనుకున్నవి కాదు. కౌంటర్‌స్ట్రైక్ 2, డోటా 2 పీసీలో మాత్రమే ఉన్నాయి. గ్రాన్ టురిస్మో 7 సోనీ వారి ప్లేస్టేషన్ కన్సోళ్ళలో (పీఎస్4, పీఎస్5) మాత్రమే ఉంది. కొన్ని పెద్ద గేమ్‌లు పీసీకి ఆలస్యంగా వస్తాయి: జీటీఏ 5 కన్సోళ్ళలో 2013 సెప్టెంబరులో విడుదలైతే పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కన్సోళ్ళకు 2018 అక్టోబరులో, పీసీకి 2019 నవంబరులో వచ్చింది. సోనీ వారి గాడ్ ఆఫ్ వార్ 2018లో పీఎస్4కు వచ్చి, పీసీని చేరేసరికి 2022 జనవరి అయింది. విడుదల రోజునే ఆడాలన్న తహతహ ఉన్నవారికి ఈ ఆలస్యం చిన్న విషయం కాదు.

రెండవది, ఎవరితో ఆడతారన్నది. ఫోర్ట్‌నైట్ వంటి గేమ్‌లో పీసీవారు, కన్సోల్‌వారు కలిసి ఆడవచ్చు. వాలరెంట్ 2024లో కన్సోళ్ళకు వచ్చింది కాని, కన్సోల్‌లో ఆడేవారు పీసీలో ఆడేవారితో ఒకే మ్యాచ్‌లోకి రాలేరు. స్నేహితులంతా పీసీలో ఉంటే, మనం కొన్న యంత్రం ఎంత మంచిదైనా మనం ఒంటరివాళ్ళమే.

మూడవది, కూర్చునే చోటు. కన్సోల్‌ను హాల్లోని టీవీకి కలుపుదామనుకుంటే సాయంత్రం ఏడు నుంచి పది వరకు ఆ టీవీ రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందో నిజాయతీగా రాసుకోవాలి. చాలా ఇళ్ళలో కన్సోల్ మూలన పడటానికి కారణం ఆ యంత్రం కాదు, సీరియళ్ళ వేళ. విడిగా మానిటర్ కొనేటట్లయితే ఆ ధర కూడా లెక్కలోకి రావాలి. పీఎస్5 2022 సెప్టెంబరు నుంచి 1440పీ (పై నుంచి కిందికి 1440 చుక్కల వరుసలున్న) మానిటర్లకు కూడా సరిపడే చిత్రాన్ని ఇస్తోంది.

నాలుగవది, అదే యంత్రంతో చేయవలసిన ఇతర పనులు. ఇంట్లో కోడింగ్, వీడియో ఎడిటింగ్, అకౌంట్స్ పని ఏదో ఒకటి ఉండి, ఎలాగూ కంప్యూటర్ కొనక తప్పదనుకుంటే, గ్రాఫిక్స్ కార్డుకు (గేమ్ చిత్రాన్ని తయారుచేసే భాగానికి) అయ్యే అదనపు ఖర్చును మాత్రమే గేమింగ్ ఖర్చుగా పరిగణించాలి. ఈ ఒక్క లెక్కతోనే చాలామంది నిర్ణయం మారిపోతుంది.

2. ధరను కాక, మూడేళ్ళ ఖర్చును లెక్కవేయడం

డబ్బాపై ఉన్న ధరలను పోల్చడం సర్వసాధారణమైన తప్పు. కింది అంశాలన్నిటినీ రెండు వరుసలుగా రాసి కూడాలి.

కన్సోల్ వరుస:
- కన్సోల్ ధర, రెండవ కంట్రోలర్ ధర
- ఆన్‌లైన్ చందా మూడేళ్ళకు (డబ్బు పెట్టి కొన్న గేమ్‌లను ఆన్‌లైన్‌లో ఆడటానికి ప్లేస్టేషన్ ప్లస్ వంటి చందా కావాలి; ఉచిత గేమ్‌లకు అక్కరలేదు)
- ఏడాదికి కొనే గేమ్‌ల సంఖ్య, వాటి ధర
- డిస్కులను తిరిగి అమ్మితే వచ్చే సొమ్ము, దీన్ని తీసివేయాలి

పీసీ వరుస:
- క్యాబినెట్‌లోని భాగాలన్నీ
- మానిటర్, కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్
- విండోస్ లైసెన్సు
- యూపీఎస్
- గేమ్‌ల ధర (తిరిగి అమ్ముకునే వీలు లేదు, కాని స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణపు వేసవి, శీతకాలపు తగ్గింపుల్లో పాత గేమ్‌లు చాలా తక్కువకు దొరుకుతాయి, ఎపిక్ స్టోర్ తరచుగా ఉచితంగానూ ఇస్తుంది)

"ఏడాది ఆగితే కన్సోల్ ధర తగ్గుతుంది" అన్న పాత నమ్మకంతో ఎదురుచూడటం దండగ. డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకు వచ్చింది. 2022 నవంబరులో అది 54,990కి పెరిగింది. పీసీ వైపూ ఊరట లేదు: కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీ కారణంగా 2025 చివరి నుంచి ర్యామ్ (కంప్యూటర్ తాత్కాలిక మెమరీ) ధరలు బాగా పెరిగాయి. అవసరం ఉన్నప్పుడు, ఆ రోజు ధరలతో లెక్క కట్టి కొనడమే సరైన పద్ధతి.

డబ్బు వాపసు నియమాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. స్టీమ్‌లో కొన్న గేమ్‌ను 14 రోజుల లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే వెనక్కి ఇవ్వవచ్చు. ప్లేస్టేషన్ స్టోర్‌లో 14 రోజుల గడువు ఉన్నా, డౌన్‌లోడ్ మొదలుపెట్టాక సాధారణంగా ఆ వీలు పోతుంది. అందువల్ల కన్సోల్ కొనేవారికి డిస్క్ డ్రైవ్ ఉన్న రకమే నా సిఫారసు. నచ్చని గేమ్‌ను అమ్ముకోవడానికి మిగిలే దారి అదొక్కటే.

విదేశాల నుంచి బంధువుల చేత కన్సోల్ తెప్పించుకునేవారు మూడు విషయాలు చూసుకోవాలి. యంత్రం వెనుక లేబుల్‌పై 100 నుంచి 240 వోల్టులు అని ఉండాలి. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందని అనుకోకూడదు. డిస్క్ ఏ ప్రాంతానిదో, దానికి తర్వాత కొనే అదనపు భాగాలు కూడా ఆ ప్రాంతపు ఖాతా నుంచే కొనాలి. అమెరికా డిస్కుకు భారత ఖాతాలో కొన్న అదనపు భాగం సాధారణంగా పనిచేయదు.

3. నిర్ణయం

పై లెక్కలన్నీ వేసిన తర్వాత కూడా తేలకపోతే నా అభిప్రాయం ఇది. వారానికి నాలుగైదు గంటలు మాత్రమే ఆడే ఉద్యోగస్తులకు, చిన్నపిల్లలున్న ఇంటికి, కథాప్రధానమైన గేమ్‌లూ ఫుట్‌బాల్, రేసింగ్ గేమ్‌లూ ఇష్టపడేవారికి కన్సోల్. మౌస్‌తో గురిపెట్టే పోటీ గేమ్‌లు, వ్యూహ గేమ్‌లు, మాడ్‌లు (గేమ్‌కు ఆటగాళ్ళు తయారుచేసే మార్పులు) కావాలనుకునేవారికి, ఎలాగూ కంప్యూటర్ అవసరమున్న విద్యార్థులకు పీసీ. హాస్టల్‌లో ఉండేవారికి మాత్రం ల్యాప్‌టాప్ తప్ప వేరే దారి లేదు.

వారానికి దొరికే నాలుగు గంటల్లో ఒక గంట డ్రైవర్లకే (పీసీ భాగాలను నడిపించే సాఫ్ట్‌వేర్‌కే) పోతే ఎంత బాధగా ఉంటుందో అనుభవించినవారికే తెలుసు. ఆ బాధను సరదాగా తీసుకోగలిగేవారే పీసీ వైపు రావాలి.

4. పీసీ అయితే, కొనుగోలు క్రమం

4.1 ముందు మానిటర్, ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డు. 1080పీ మానిటర్‌కు, 1440పీ మానిటర్‌కు కావలసిన కార్డులు వేరు. కార్డు కొని, దానికి తగని మానిటర్ తగిలించడం వల్ల సగం డబ్బు వృథా అవుతుంది. ఇప్పుడు కొనే కార్డులో వీడియో మెమరీ 8 జీబీ అంటే 1080పీకి కనీసస్థాయి. అంతకు పైన ఆడదలచినవారు 12 లేదా 16 జీబీ వైపు చూడాలి.

4.2 ర్యామ్‌ను జతగా కొనాలి. ఒకే 16 జీబీ ముక్క కంటే రెండు 8 జీబీ ముక్కలు గేమ్‌లలో ఎక్కువ వేగాన్నిస్తాయి. నాలుగు స్లాట్లున్న మదర్‌బోర్డులలో ఎక్కువగా ప్రాసెసర్ నుంచి లెక్కిస్తే రెండవ, నాలుగవ స్లాట్లలో పెట్టాలి. బోర్డు పుస్తకంలో సరిచూసుకోవాలి.

4.3 ఎస్ఎంపీఎస్ (పీసీ భాగాలకు కరెంటు అందించే పెట్టె) దగ్గర పొదుపు చేయకూడదు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్‌పై 500 వాట్లు అని రాసి ఉన్నా దాన్ని నమ్మడానికి లేదు. 80 ప్లస్ ముద్ర విద్యుత్ పొదుపును తెలియజేస్తుందే కాని మన్నికకు హామీ కాదు. వారంటీ ఐదేళ్ళు, ఆ పైన ఇచ్చే రకాన్ని ఎంచుకోవడం సులువైన కొండగుర్తు.

4.4 గేమ్‌ల కోసం ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్కు కంటే వేగమైన నిల్వ) కనీసం 1 టీబీ. బాల్డర్స్ గేట్ 3 ఒక్కదానికే 150 జీబీ ఖాళీ కావాలి.

4.5 విండోస్ 11కు అర్హమైన యంత్రమే కొనాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత కంప్యూటర్ కొనేవారు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఉన్నాయో లేదో అడిగి చూసుకోవాలి.

4.6 ల్యాప్‌టాప్ అయితే కార్డు పేరుతో పాటు వాట్లు చూడాలి. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ కార్డును తయారీదారులు 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు ఎక్కడైనా నిలపవచ్చు. పేరు ఒకటే అయినా రెండు ల్యాప్‌టాప్‌ల వేగం ఒకటి కాకపోవడానికి ఇదే కారణం.

4.7 బిల్లు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట విడిభాగాలు కొని అక్కడే అమర్పించుకునేవారు ప్రతి భాగానికీ సీరియల్ నంబరుతో జీఎస్‌టీ బిల్లు తీసుకోవాలి. డబ్బాలను పారవేయకుండా వెంట తెచ్చుకోవాలి. బిల్లు వద్దంటే నాలుగు వందలు తగ్గిస్తామన్న మాటకు లొంగితే, రెండేళ్ళ తర్వాత కార్డు పాడైనప్పుడు పోయేది నాలుగు వందలు కాదు.

5. మొదటి రోజు చేయవలసిన అమరిక

గేమ్ డౌన్‌లోడ్ పెట్టకముందే కింది జాబితాను పూర్తిచేయాలి. తర్వాత వచ్చే ఫిర్యాదులలో పెద్ద భాగం ఇక్కడ వదిలేసిన మెట్ల వల్లనే వస్తాయి.

- మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డులోనే ఉందా? మా బంధువుల కుర్రవాడు కొత్త కార్డు కొని, కేబుల్‌ను అలవాటుగా మదర్‌బోర్డుకు తగిలించి, కార్డు బాగాలేదని రెండు నెలలు దుకాణం చుట్టూ తిరిగాడు.
- విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క) మార్చారా? 144 హెర్ట్జ్ మానిటర్ కూడా మొదట 60 దగ్గర ఉండిపోవచ్చు.
- బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో అనే ర్యామ్ వేగపు అమరికను ఆన్ చేశారా? చేయకపోతే 6000 వేగపు డీడీఆర్5 ర్యామ్ 4800 దగ్గరే నడవవచ్చు.
- విండోస్ అప్‌డేట్లు పూర్తయ్యాయా? గ్రాఫిక్స్ డ్రైవరును కార్డు తయారీ సంస్థ సైటు నుంచే తెచ్చారా?
- ల్యాప్‌టాప్‌లో ఛార్జర్ పెట్టి, పెర్ఫార్మెన్స్ మోడ్‌లో ఉంచారా?
- విండోస్ ఖాతా పేరు ఇంగ్లీషు అక్షరాలలో ఉందా? ఖాతాను తెలుగు లిపిలో తెరిస్తే యూజర్ ఫోల్డర్ పేరు కూడా తెలుగులోనే ఏర్పడవచ్చు. అటువంటి దారిని చదవలేక కొన్ని పాత గేమ్‌లు తెరుచుకోవు, మరికొన్ని సేవ్ చేయలేవు. ఆ తర్వాత ఖాతాలో పేరు మార్చినా ఫోల్డర్ పేరు మారదు, కొత్త ఖాతా తెరవాల్సిందే.
- తెలుగు కీబోర్డు వాడేవారు భాష మార్చే షార్ట్‌కట్‌ను తీసివేశారా? ఆటలో షిఫ్ట్, ఆల్ట్ కలిపి నొక్కగానే కీబోర్డు తెలుగుకు మారి పాత్ర కదలకుండా నిలబడిపోవచ్చు. టైపింగ్ సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ భాగంలో ఈ హాట్‌కీని తీసివేయవచ్చు. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష తిరిగి మారుతుంది.

విద్యుత్ విషయాన్ని విడిగా చెప్పాలి. క్యాబినెట్ లోహపు భాగాన్ని తాకినప్పుడు సన్నగా జివ్వుమంటే ఆ సాకెట్‌కు ఎర్తింగ్ లేదని అనుమానించాలి. ఎలక్ట్రీషియన్ చేత సరిచేయించేదాకా యంత్రాన్ని నడపకపోవడమే క్షేమం. ఇంటి ఇన్వర్టర్‌పై డెస్క్‌టాప్ నడిపేవారు ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లో ఉంచాలి, లేకుంటే కరెంటు మారే క్షణంలో పీసీ ఆగిపోతుంది.

6. సమస్య రాగానే పాటించవలసిన సాధారణ క్రమం

ఏ సమస్యకైనా ఒకటే నియమం: ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ గేమ్ నడిపి చూడాలి. ఐదు చిట్కాలు ఒకేసారి ప్రయోగించినవారికి సమస్య పోయినా ఎందుకు పోయిందో తెలియదు, మళ్ళీ వచ్చినప్పుడు మొదటికి వస్తారు.

ముందు తేల్చవలసింది: ఒక్క గేమ్‌లోనే సమస్య ఉందా, అన్నింటిలోనా? ఒక్కదానిలోనే అయితే తప్పు ఆ గేమ్ ఫైళ్ళలో లేదా దాని సెట్టింగ్స్‌లో ఉంటుంది. విండోస్‌ను తిరిగి వేయడం అనవసరం. అన్నింటిలోనూ ఉంటే డ్రైవరు, వేడి, ర్యామ్, విద్యుత్ వైపు వెళ్ళాలి.

తర్వాత అడగవలసిన ప్రశ్న: నిన్నటికీ నేటికీ ఏం మారింది? కొత్త డ్రైవరా, విండోస్ అప్‌డేటా, గేమ్ ప్యాచా, మాడా? జవాబు దొరికితే దాన్ని వెనక్కి తీసుకోవడంతోనే పని ముగియవచ్చు.

7. గేమ్ తెరుచుకోకపోతే

7.1 పీసీని రీస్టార్ట్ చేయాలి. షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా పాత స్థితిలో కొంత భాగం మిగిలే ఉంటుంది.

7.2 ఫైళ్ళను సరిచూడాలి. స్టీమ్ లైబ్రరీలో గేమ్ పేరుపై కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ఇన్‌స్టాల్డ్ ఫైల్స్ భాగానికి వెళితే వెరిఫై అన్న మీట ఉంటుంది. పాడైన ఫైళ్ళను మాత్రమే అది మళ్ళీ తెస్తుంది. 100 జీబీ గేమ్‌ను మొత్తం తీసివేసి మళ్ళీ దించుకోవడం చివరి మార్గం కావాలి, మొదటిది కాదు.

7.3 డీఎల్ఎల్ (గేమ్ నడవడానికి కావలసిన సహాయక ఫైల్) కనబడలేదని సందేశం వస్తే ఆ ఫైల్ పేరుతో వెదికి, ఏదో సైటు నుంచి దించి సిస్టమ్ ఫోల్డరులో వేయకూడదు. వైరస్‌లు ఇంట్లోకి రావడానికి అది రాజమార్గం. వీసీరన్‌టైమ్140, ఎంఎస్‌వీసీపీ140 అన్న పేర్లు కనిపిస్తే మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్‌ను, 32 బిట్, 64 బిట్ రెండింటినీ వేయాలి. డీ3డీఎక్స్9, ఎక్స్‌ఇన్‌పుట్1_3 వంటి పేర్లు కనిపిస్తే పాత డైరెక్ట్‌ఎక్స్ ఎండ్ యూజర్ రన్‌టైమ్ కావాలి; డైరెక్ట్‌ఎక్స్ 12 ఉన్నా పాత గేమ్‌లకు ఇది విడిగా అవసరమే.

7.4 యాంటీవైరస్ చరిత్ర చూడాలి. గేమ్ ఫైల్‌ను అది పక్కన పెట్టి ఉండవచ్చు. కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్‌లో ఉంటే డాక్యుమెంట్స్‌లో సేవ్ చేసే గేమ్‌లను అడ్డుకుంటుంది. యాంటీవైరస్‌ను పూర్తిగా ఆపకుండా ఆ గేమ్‌కు మాత్రమే మినహాయింపు ఇవ్వాలి.

7.5 తేదీ, సమయం చూడాలి. పాత మదర్‌బోర్డులో సీఆర్2032 బ్యాటరీ అయిపోతే గడియారం వెనక్కి పోయి లాగిన్‌లన్నీ విఫలమవుతాయి. నలభై, యాభై రూపాయల బ్యాటరీతో పోయే సమస్యకు విండోస్ తిరిగి వేయించుకున్నవారు ఉన్నారు.

7.6 సెక్యూర్ బూట్ అడిగే గేమ్‌లు. విండోస్ 11లో వాలరెంట్ వీఏఎన్ 9001 లేదా 9003 అని చూపితే టీపీఎం, సెక్యూర్ బూట్‌లను బయోస్‌లో ఆన్ చేయమని అర్థం. బ్యాటిల్‌ఫీల్డ్ 6 కూడా సెక్యూర్ బూట్ లేకుండా నడవదు. బయోస్‌లో టీపీఎం అన్న పేరు కనిపించకపోవచ్చు. ఇంటెల్ బోర్డులలో పీటీటీ అనీ, ఏఎండీ బోర్డులలో ఎఫ్‌టీపీఎం అనీ ఉంటుంది. అయితే చేయి పెట్టేముందు రెండు జాగ్రత్తలు తప్పనిసరి:

- సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ మోడ్ యూఈఎఫ్ఐ అని ఉండాలి. లెగసీ అని ఉంటే డిస్కు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉన్నట్లు. దాన్ని ముందుగా కొత్త జీపీటీ పద్ధతికి మార్చకుండా బయోస్ మారిస్తే విండోస్ తెరుచుకోదు.
- బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఆన్‌లో ఉంటే రికవరీ కీని వేరేచోట రాసి పెట్టుకోవాలి. లేదంటే సొంత ఫైళ్ళకు మనమే పరాయివాళ్ళమవుతాము.

8. ఆట మధ్యలో ఆగిపోతే

ఆగిపోవడంలో మూడు రకాలున్నాయి, మూడింటికీ వైద్యం వేరు.

8.1 గేమ్ మాత్రమే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపిస్తే: ఫైళ్ళను సరిచూసి, మాడ్‌లన్నీ తీసి, డిస్కార్డ్, స్టీమ్ వంటివాటి ఓవర్‌లేలను (గేమ్‌పై తేలే కిటికీలను) ఆపి చూడాలి. ఓవర్‌క్లాక్ చేసి (నిర్ణీత వేగానికి మించి నడిపి) ఉంటే దాన్ని వెనక్కి తీసుకోవాలి. అప్పటికీ లొంగకపోతే డ్రైవరును డీడీయూ అనే ఉచిత సాధనంతో, సేఫ్ మోడ్‌లో పూర్తిగా తుడిచి, కొత్తగా వేయాలి. కొత్త డ్రైవరు వచ్చిన వారంలోనే సమస్య మొదలైతే దాని ముందరి డ్రైవరు వేయడంలో తప్పేమీ లేదు.

ఇక్కడ ఒక ప్రత్యేక సందర్భం. ఇంటెల్ 13వ, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అధిక వోల్టేజీ వల్ల దెబ్బతిన్నాయని ఆ సంస్థ 2024లో అంగీకరించి, ఆగస్టు నుంచి మదర్‌బోర్డు బయోస్ ద్వారా సవరణలు విడుదల చేసింది, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. వీటి లక్షణం తికమక పెడుతుంది: అన్‌రియల్ ఇంజిన్ అనే సాధనంతో తయారైన గేమ్‌లు, వీడియో మెమరీ చాలలేదంటూ మూసుకుపోతాయి, కాని తప్పు గ్రాఫిక్స్ కార్డుది కాదు. ఈ ప్రాసెసర్లున్నవారు ముందు బయోస్ అప్‌డేట్ చేయాలి. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను అప్‌డేట్ బాగుచేయదు, వారంటీలో మార్పించుకోవాలి.

8.2 నీలిరంగు తెర వస్తే: దానిపై ఉన్న కోడ్‌ను ఫోన్‌తో ఫోటో తీయాలి. ప్రతిసారీ వేర్వేరు కోడ్ వస్తుంటే ర్యామ్‌ను మొదట అనుమానించాలి. ఎక్స్ఎంపీ ఆపి ఆడి చూడాలి; తర్వాత ఒక్కొక్క ర్యామ్ ముక్కతో నడపాలి; మెమ్‌టెస్ట్86ను రాత్రంతా నడిపితే ఒక్క దోషం కనిపించినా ఆ ముక్కను మార్చాలి.

8.3 పీసీ మొత్తం ఠక్కున ఆరిపోతే: ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని కనిపించగానే ఎస్ఎంపీఎస్ పోయిందని తీర్మానించేవారు ఎక్కువ. ఆ నమోదు చెప్పేది పీసీ సక్రమంగా ఆగలేదని మాత్రమే. ఎందుకు ఆగిందో అది చెప్పదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాధనంతో వేడిని చూస్తూ ఆడాలి. ప్రాసెసర్ 95 డిగ్రీల పరిసరాలకు చేరుతుంటే వేడి సమస్య కావచ్చు. వేడి మామూలుగానే ఉండి, బరువైన దృశ్యం రాగానే ఆరిపోతుంటే ఎస్ఎంపీఎస్ వైపు చూడాలి. కార్డుకు వెళ్ళే విద్యుత్ కేబుల్ గట్టిగా కూర్చుందో లేదో కూడా చూడాలి.

మే నెలలో గది 40 డిగ్రీలు ఉన్నప్పుడు జనవరి నాటి అంకెలు రావు. ఆరు నెలలకొకసారి, రోడ్డు పక్క ఇళ్ళలో మూడు నెలలకొకసారి, దుమ్ము దులపాలి. బ్లోయరు వాడేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి. క్యాబినెట్‌ను టేబుల్ అరలోకి తోయకూడదు. మూడు నాలుగేళ్ళు దాటితే థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే పూత) మార్పించాలి. ఇవన్నీ చేశాక కూడా వేడి తగ్గకపోతే ఫ్రేమ్‌లను (సెకనుకు తెరపైకి వచ్చే చిత్రాలను) 60కి కట్టివేయడం మంచి ఉపాయం.

9. నెమ్మదిగా నడిచినా, ఆగి ఆగి నడిచినా

ఈ రెండూ ఒకటి కావు. ఫ్రేమ్‌ల సంఖ్య తక్కువగా ఉండటం ఒకటి. సంఖ్య బాగానే ఉండి, మధ్యమధ్య కుదుపులు రావడం వేరొకటి. ఆఫ్టర్‌బర్నర్ వంటి సాధనంతో తెరపై ఫ్రేమ్‌లు, గ్రాఫిక్స్ కార్డు వినియోగం, వీడియో మెమరీ, వేడి చూపించుకుని, ఒకే చోట పది నిమిషాలు ఆడి, ఆ అంకెలను రాసుకున్నాకే సెట్టింగ్స్ ముట్టుకోవాలి.

9.1 కార్డు వినియోగం 95 శాతం పైన ఉంటే కార్డు తన శక్తినంతా పెడుతున్నట్లు. నీడలు, ప్రతిబింబాలు, రే ట్రేసింగ్ (వెలుగును సహజంగా చూపే పద్ధతి) తగ్గించాలి. డీఎల్ఎస్ఎస్ లేదా ఎఫ్ఎస్ఆర్‌ను (చిన్న చిత్రాన్ని తయారుచేసి పెద్దదిగా చూపే ఏర్పాట్లను) క్వాలిటీ స్థాయిలో పెట్టాలి.

9.2 కార్డు 50, 60 శాతం దగ్గరే ఉండి ఫ్రేమ్‌లు పెరగకపోతే ప్రాసెసర్ వెనుకబడినట్లు. ఇప్పుడు రిజల్యూషన్ తగ్గించడం వల్ల ప్రయోజనం ఉండదు. జనసమ్మర్దం, చూపు దూరం వంటి సెట్టింగ్స్ తగ్గించాలి, వెనుక నడిచే బ్రౌజర్‌ను మూయాలి, ర్యామ్ వేగం సరిచూడాలి.

9.3 వీడియో మెమరీ నిండి కుదుపులు వస్తుంటే ముందుగా టెక్స్చర్ (వస్తువుల ఉపరితలాల వివరం) స్థాయిని ఒక మెట్టు దించాలి. మొత్తం గ్రాఫిక్స్‌ను లో చేయనక్కరలేదు. ఇది చాలామంది వెనుకాముందుగా చేసే పని.

9.4 కొత్త చోటికి వెళ్ళిన ప్రతిసారీ మాత్రమే కుదుపు వస్తే, అది షేడర్ల (కార్డుకు చిత్రం ఎలా గీయాలో చెప్పే చిన్న ప్రోగ్రాముల) తయారీ వల్ల కావచ్చు. గేమ్ మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు తయారవుతున్నాయని చూపే గీతను దాటవేయకుండా పూర్తికానివ్వాలి. డ్రైవరు మార్చిన ప్రతిసారీ ఇది మళ్ళీ జరుగుతుంది. 2023 మార్చిలో ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీకి వచ్చినప్పుడు ఈ తయారీకే చాలాసేపు పట్టింది. గేమ్ లోపల జరిగే ఈ ఎదురుచూపు కూడా స్టీమ్ వాపసు నియమంలోని రెండు గంటల్లో కలిసిపోతుంది కాబట్టి గడియారం మీద ఒక కన్ను ఉంచాలి.

9.5 గేమ్ హార్డ్‌డిస్కులో ఉంటే ఎస్ఎస్‌డీకి మార్చాలి. స్టీమ్‌లో మళ్ళీ డౌన్‌లోడ్ చేయకుండానే మార్చవచ్చు.

9.6 ఫ్రేమ్‌లను మానిటర్ రిఫ్రెష్ రేటుకు మూడు నాలుగు తక్కువగా కట్టివేసి, జీసింక్ లేదా ఫ్రీసింక్ (మానిటర్ వేగాన్ని ఫ్రేమ్‌లకు సరిపరిచే ఏర్పాటు) ఆన్ చేస్తే కదలిక సాఫీగా ఉంటుంది.

9.7 రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లో గేమ్ చిన్నదానిపై నడుస్తుండవచ్చు. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఆ గేమ్‌కు హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోవాలి.

గేమ్ బూస్టర్, రిజిస్ట్రీ క్లీనర్, డ్రైవర్లను తామే మార్చే ఉచిత సాధనాలు వీటిలో దేన్నీ నయం చేయవు. కొత్తవి తెచ్చిపెడతాయి.

10. ఆన్‌లైన్‌లో ల్యాగ్, శబ్దం, కంట్రోలర్

ల్యాగ్ (మీట నొక్కాక ఆటలో స్పందన ఆలస్యం కావడం) వస్తే ఇంటర్నెట్ ప్యాకేజీ పెంచడం మొదటి పని కాదు. 40 ఎంబీపీఎస్ కనెక్షన్ కూడా పోటీ గేమ్‌లకు సరిపోతుంది, కావలసింది నిలకడ. రూటర్ నుంచి ల్యాన్ కేబుల్ లాగాలి, వీలుకాకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫై వాడాలి. గేమ్‌లో సర్వర్ ప్రాంతం ముంబై లేదా చెన్నై అని ఉందో లేదో చూడాలి. ఏ కారణం చేతనో సింగపూర్‌కు మారిపోయి ఉండటం అరుదేమీ కాదు. తర్వాత కమాండ్ ప్రాంప్ట్ నుంచి రూటర్‌కు పింగ్ (సంకేతం వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని చూపే పరీక్ష) పంపాలి. అక్కడే 20, 30 మిల్లీసెకన్లు చూపితే తప్పు ఇంట్లోని వైఫైది, కనెక్షన్ సంస్థది కాదు. రాత్రి వేళ ఎవరి ఫోనైనా ఫోటోలు క్లౌడ్‌కు ఎక్కిస్తుంటే కూడా పింగ్ ఎగబాకుతుంది. నాట్ టైప్ స్ట్రిక్ట్ (బయటి కనెక్షన్లను రూటర్ అడ్డుకుంటోందని అర్థం) అని చూపి స్నేహితుల గదిలోకి వెళ్ళలేకపోతే, ముందు రూటర్‌లో యూపీఎన్‌పీ (గేమ్‌కు కావలసిన దారిని తానే తెరిచే ఏర్పాటు) ఆన్ చేయాలి. లొంగకపోతే కనెక్షన్ సంస్థను పబ్లిక్ ఐపీ (ఇతరులతో పంచుకోని ఇంటర్నెట్ చిరునామా) అడగాలి. ఇది కన్సోల్‌వారికీ వర్తిస్తుంది.

బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైకు ఆన్ చేయగానే శబ్దం పాత ఫోన్‌లా మారితే అది పాడైనట్లు కాదు, ఆ పద్ధతికున్న పరిమితి. తీగ ఉన్న లేదా యూఎస్‌బీ డాంగిల్ ఉన్న హెడ్‌సెట్ వాడాలి. కంట్రోలర్ ఒక మీట నొక్కితే రెండుసార్లు నొక్కినట్లయితే స్టీమ్ ఇన్‌పుట్‌ను (స్టీమ్‌లోని కంట్రోలర్ ఏర్పాటును) ఆ గేమ్‌కు ఆపి చూడాలి.

11. దుకాణానికి తీసుకువెళ్ళవలసి వస్తే

- సేవ్ ఫైళ్ళు క్లౌడ్‌లోకి చేరాయో లేదో చూడాలి. అన్ని గేమ్‌లకు క్లౌడ్ ఉండదు.
- సమస్య ఎప్పుడు, ఏ గేమ్‌లో, ఎంతసేపటికి వస్తుందో, ఇప్పటివరకు ఏవి మార్చి చూశారో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. "హ్యాంగ్ అవుతోంది" అని మాత్రమే చెబితే ముందుగా చేసేది విండోస్ ఫార్మాటే.
- సొంత ఫైళ్ళున్న డిస్కును వీలైతే తీసి ఇంట్లో ఉంచాలి.
- గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీలపై ఉన్న సీరియల్ నంబర్లను అప్పగించే ముందు ఫోటో తీసి, తిరిగి తీసుకునేటప్పుడు క్యాబినెట్ తెరిపించి, అవే నంబర్లు ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే సరిచూసుకోవాలి.